ముసుగులవాళ్ళు తొక్కని గడప

మిస్ మోయిరా పెట్టిన మొదటి రూలు, రాసినవాళ్ళు నోరు మెదపకూడదని. ఎవరి కథ గురించి మాట్లాడుకుంటుంటే వాళ్ళు చేతులు కట్టుకుని వినాలి. పొగిడినా, తెగిడినా, తలాతోకా లేకుండా అర్థం చేసుకున్నా, ఆఖరి మనిషి మాట్లాడటం అయ్యేదాకా కిక్కురుమనకూడదు.

"ఇంతకంటే ఉరి నయం," అంది ట్రైఫీనా పిన్ని మొదటి రోజే. ఊరంతా నవ్వింది.

ఊరంతా అంటే నిజంగా ఊరే. సముద్రంలో కాడ్ చేప అడుగంటిపోయిందని వేట ఆపేశారు. చేపల ఫ్యాక్టరీకి తాళం పడింది. పనిచేసే వయసున్నవాళ్ళంతా ఏదో ఒక కొత్త విద్య నేర్చుకోవాలని, నేర్చుకున్నన్నాళ్ళూ భత్యం ఇస్తామని సర్కారు అంది. క్లాసు ఎగ్గొడితే భత్యం లేదు. వెల్డింగ్ నేర్పేవాడూ కంప్యూటర్ నేర్పేవాడూ గతుకుల రోడ్ల మీద స్క్వేర్ కోవ్ అనే ఆ ఊరిదాకా రాలేక మధ్యలోనే ఆగిపోయారు. రాజధాని సెయింట్ జాన్స్ నుంచి కథలు రాయడం నేర్పే మోయిరా ఒక్కతే వచ్చింది. దాంతో న్యూఫౌండ్లాండ్ ఉత్తరపు ఒడ్డున, ఇరవయ్యేళ్ళు చేపలు కోసిన చేతులు అదే ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కూర్చుని పెన్సిళ్ళు పట్టుకున్నాయి. ఎంత కడిగినా ఆ గదికి చేప వాసన పోలేదు. కిటికీలోంచి చూస్తే రేవులో కట్టేసిన పడవలు. లేచి వెళ్ళిపోవడానికి ఎవరికీ చోటు లేదు.

మెల్వినా పార్డీ వంతు క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు వచ్చింది. ఆమె కథ జిరాక్స్ కాగితాలు అందరి ముందూ ఉన్నాయి. ఆమె బల్ల కింద బొటనవేలితో చూపుడువేలి అంచుని రుద్దుకుంటూ కూర్చుంది. కత్తి పదును చూసుకునే అలవాటది. ఫ్యాక్టరీ మూతపడి రెండో చలికాలం వచ్చినా వేలు మాత్రం మానలేదు.

ముందు వారం మోయిరా కథ చెప్పే గొంతుల గురించి చెప్పింది. నేను అని చెప్పుకునే గొంతుకి తన కళ్ళబడిందే తెలుస్తుంది. ఒక మనిషి భుజం మీద ఎక్కి కూర్చున్న గొంతుకి ఆ ఒక్కరి మనసే తెలుస్తుంది. మూడోది సర్వజ్ఞ కథకుడు. "దానికి అన్నీ తెలుసు. ఏ ఇంట్లోకైనా వెళ్తుంది, ఎవరి మనసులోకైనా దూరుతుంది. దానికి పేరుండదు, ఒళ్ళుండదు. నీకెలా తెలుసని దాన్నెవరూ అడగరు."

"మా ట్రైఫీనా పిన్నే!" అన్నారు వెనకనుంచి.

"ఒళ్ళుండదంటోందిగా మిస్సు, నేనెట్టా అవుతానురా?" అంది పిన్ని తన నడుము చుట్టుకొలత చూసుకుంటూ.

మెల్వినా ఆ మూడోదాన్నే పట్టుకుంది. ఎంచుకుందనడం కూడా ఎక్కువే. ఆ ఊళ్ళో కథ అంటేనే అది. పక్కింటివాళ్ళు రాత్రి దేనికి పోట్లాడుకున్నారో, పాస్టరుగారి భార్య పుట్టింటికి ఎందుకు పోయిందో, ఎవరి పొయ్యి దగ్గర వాళ్ళు కూర్చునే చెప్పేస్తారు. నీకెలా తెలుసని అడిగితే అవతలివాళ్ళు నొచ్చుకుంటారు. రాస్తున్నంతసేపూ మెల్వినాకి ఆ గొంతు ముసుగులవాళ్ళలా అనిపించింది. క్రిస్మస్ పన్నెండు రోజుల్లో మొహాలకి కర్టెన్ గుడ్డలు కప్పుకుని, మొగవాళ్ళు ఆడ బట్టలూ ఆడవాళ్ళు మొగ బట్టలూ వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారే, అలాగ. తలుపు తట్టడమే, ఎవరి వంటింట్లోకైనా బూట్లతో నడిచి వెళ్ళిపోవచ్చు.

కథ ఆమె తమ్ముడు గార్లాండ్ చావు గురించి. పదేళ్ళు దాటింది. కథలో అతనికి గారెట్ అని పేరు పెట్టింది, అతనితో పడవలో వెళ్ళిన లియాండర్ బుడెన్‌కి లెమ్యుయెల్ అని పెట్టింది. మార్చినా ఒకటే, మార్చకపోయినా ఒకటే. నవంబరులో ఇద్దరూ రాతితిప్ప దగ్గరికి సముద్రపు బాతుల వేటకి వెళ్ళారు. ఒక్కడే తిరిగొచ్చాడు. పడవ ముక్కు దగ్గర కత్తితో కోసిన తాడు ముక్క వేలాడటం రేవులో ఉన్నవాళ్ళంతా చూశారు. నీళ్ళలో పడ్డ గార్లాండ్‌ని తాడుకి కట్టి లాగుతుంటే పడవ ఒరిగిందనీ, తన ప్రాణం కోసం లియాండర్ తాడు కోసేశాడనీ ఊరికి తెలుసు. ఆ చలికి అతని కుడిచేతి చివరి రెండు వేళ్ళూ వంకరపోయి అలాగే బిగుసుకుపోయాయి. కత్తి పట్టిన చేతిని దేవుడు వదల్లేదన్నది కూడా ఊరికి తెలుసు.

లియాండర్ ఆ క్లాసులోనే ఉన్నాడు. ఉండకేం చేస్తాడు, అతనికీ హాజరు కావాలి. కిటికీ పక్క బల్ల చివర కూర్చునేవాడు. అతని పక్కన రెండు కుర్చీలు ఎప్పుడూ ఖాళీ. అతన్ని ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. గుడ్ మార్నింగ్ చెప్పేవారు. అంతే.

మోయిరా కథ పైకి చదివింది. బాగా చదివింది. రొట్టె పిండి పిసుకుతున్న తల్లి చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయిన చోట ఇద్దరు ముక్కులు చీదుకున్నారు. ఒడ్డున కూర్చుని మనుషుల వాసన కోసం గాలిని వెతికిన కుక్క దగ్గర ట్రైఫీనా పిన్ని కళ్ళు తుడుచుకుంది. చదవడం అయ్యాక ఒక్కొక్కరే మాట్లాడారు. అచ్చం అలాగే జరిగిందన్నారు. పాత క్రిస్మస్ నాడు, జనవరి ఆరున, చర్చి హాల్లో జరిగే కచేరీలో ఊరందరి ముందూ ఇది చదవాలన్నారు. కిక్కురుమనకుండా వింటున్న మెల్వినాకి గుండె నిండిపోయింది. గార్లాండ్‌కి ఇన్నాళ్ళకి సమాధి రాయి పడినట్టనిపించింది.

"ఇంకెవరైనా?" అంది మోయిరా.

"చిన్న సందేహం మిస్," అన్నాడు లియాండర్.

సెప్టెంబరు నుంచి ఆ గదిలో అతను ఇంత పొడుగు మాట మాట్లాడింది లేదు. అతను కాగితం వైపే చూస్తున్నాడు. పెన్సిలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరుక్కుని ఉంది. చివరి రెండు వేళ్ళూ అరచేతిలోకి ముడుచుకుని ఉన్నాయి.

"ఈ గొంతుకి అన్నీ తెలుసు, కదా?"

"తెలుసు."

"కుక్కకేం అనిపించిందో తెలుసు. మునిగిపోయే కుర్రాడికేం అనిపించిందో తెలుసు. వాళ్ళమ్మ మనసులో ఏముందో తెలుసు." అతను ఒక పేజీ తిప్పాడు. "మరి ఆ రెండోవాడి దగ్గరికొచ్చేసరికి, వాడు తాడు కోశాడు, అంతే. కోసేటప్పుడు వాడేం అనుకున్నాడో దీనికి తెలీదా, తెలిసీ చెప్పలేదా?"

అందరూ కాగితాల్లోకి తలలు వంచారు. ఊరి సంగతేమీ తెలియని మోయిరా మొహం మాత్రం వెలిగిపోయింది.

"ఎంత మంచి ప్రశ్న! తెలిసి దాస్తే పాఠకుణ్ణి మోసం చేసినట్టు. తెలియకపోతే అది సర్వజ్ఞ గొంతే కాదు. అన్ని ఇళ్ళూ తిరిగి ఒక్క ఇల్లు వదిలేసిందంటే, అక్కడ ఏదో ఉందన్నమాట. మెల్వినా, నువ్విప్పుడు చెప్పకూడదు, గుర్తుందిగా?"

"తెలీకపోతే ఎక్కడ నిలబడి చూసిందో అడుగుదామని," అన్నాడు లియాండర్. "పడవలో ఇద్దరేగా ఉంది." ఇంకో పేజీ తిప్పాడు. "ఆ కుర్రాడు ఒంటికాలి మీద నిలబడి రెండో పాదంతో పిక్క గోక్కునేవాడని రాసింది. అది మాత్రం బాగా రాసింది. అట్లాగే నిలబడేవాడు."

మెల్వినాకి ఒళ్ళు మండిపోయింది. నువ్వా నా తమ్ముడి గురించి చెప్పేది, అని గొంతుదాకా వచ్చింది. రూలు లేకపోతే ఆ మాట అనేసేదే. అనలేక పళ్ళు బిగబట్టి కూర్చుంది. ఆ కూర్చున్న కాసేపట్లోనే ఆమె చేతిలో ఉన్న జవాబులన్నీ ఒక్కొక్కటే జారిపోయాయి. ఎక్కడ నిలబడి చూసింది? రేవులోంచి తాడు ముక్క కనబడింది. కత్తి కనబడలేదు. రాతితిప్ప కనబడలేదు. వేలు అంచుని రుద్దుతూనే ఉంది.

*

"ఎంత పొగరు చూశావా!" అంది ట్రైఫీనా పిన్ని మెట్లు దిగగానే. "నా గుండె మీద బండ పెట్టినట్టయింది. నువ్వేం మార్చకు. ఒక్క ముక్క మార్చావంటే నీతో మాట్లాడను."

మోయిరా మాత్రం మార్చమంది. ఆ రెండోవాడి మనసులోకి వెళ్ళి ఒక పేరా రాస్తే చాలు, కచేరీకి ఇంకా రెండు వారాలుంది కదా అంది. ఆ రాత్రి భోజనాలయ్యాక మెల్వినా వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాసింది. లెమ్యుయెల్ పిరికివాడు, వాడికి తన ప్రాణం తీపి, అని రాసింది. చదువుకుంటే అది లెమ్యుయెల్ గొంతు కాదు, అమ్మ గొంతు. కొట్టేసింది. లెమ్యుయెల్‌కి చాలాకాలంగా గారెట్ మీద అసూయ, అని రాసింది. అది పిన్ని గొంతు. అది కూడా కొట్టేసింది.

ఆమె భర్త ఎల్లిస్ వలకి ముడులు వేస్తూ పొయ్యి పక్కన కూర్చున్నాడు. పట్టడానికి చేప లేకపోయినా వల బాగుచెయ్యడం మానలేదతను.

"వాడు కోస్తుంటే ఎవరు చూశారు?" అని అడిగింది.

"ఎవరు?"

"లియాండర్."

ఎల్లిస్ ముడి బిగించి, ఇంకో ముడి వేసి, అప్పుడన్నాడు. "అందరికీ తెలుసుగా."

"అదే, ఎవరికి ముందు తెలిసింది?"

"ఇప్పుడెందుకే అవన్నీ," అన్నాడు. పక్కింటి గోడ ఎవరిదని అడిగినంత వింతగా చూశాడు.

మర్నాడు, క్రిస్మస్ ముందు రోజు, ఆమె కిస్‌మిస్ రొట్టె ఒకటి గుడ్డలో చుట్టుకుని ట్రైఫీనా పిన్ని ఇంటికి వెళ్ళింది. పిన్ని ఉప్పు మాంసం నీళ్ళలో నానేసి, పెద్ద గిన్నెలో రొట్టె పొడీ ఉల్లిపాయా మూలికలూ కలిపి కోడి పొట్టలోకి కూరుతోంది. మోచేతిదాకా లోపల పెట్టింది చెయ్యి.

"పిన్నీ, తాడు సంగతి నీకెవరు చెప్పారు?"

"మీ అమ్మే. పాపం, చనిపోయినావిడ మీద ఒట్టు. ఈ కుర్చీలోనే కూర్చుని చెప్పింది. తాడు కోసేశాడు ట్రైఫీనా, నా బిడ్డని వదిలేశాడు అని ఏడ్చింది."

మెల్వినా ఆ కుర్చీ వీపు పట్టుకుంది. "అమ్మకి నువ్వు చెప్పావు పిన్నీ."

"నేనా!"

"నేను అక్కడే ఉన్నాను. రేవులోంచి నువ్వే పరిగెత్తుకొచ్చావు. పడవకి కోసిన తాడుంది, వాడు వదిలేసినట్టున్నాడు అన్నావు. అమ్మ చేతికి పిండి ఉంది. అలాగే ఆగిపోయింది. నేను కథలో రాసింది అదే."

"నేను వదిలేసినట్టున్నాడు అన్నాను. వదిలేశాడని అన్లేదు!" పిన్ని చెయ్యి కోడిలోనే ఉండిపోయింది. ఆఖరికి దాన్ని బయటికి లాగి, "మరి వాడు చెప్పొచ్చుగా? నోరు లేదా వాడికి? పదేళ్ళూ మూసుక్కూర్చున్నాడంటే ఏంటర్థం?" అంది.

"నువ్వడిగావా?"

"నేనెందుకడుగుతాను? తెలిసినదాన్ని ఎవరైనా అడుగుతారా?"

మెల్వినా ఇంటికి నడిచి వచ్చింది. తెల్లటి దారి, రెండు పక్కలా ఇళ్ళు, ఒక్కో ఇంటికీ ఒక్కో పొగ. ఏ పొగ ఎవరిదో, ఎవరింట్లో ఏం ఉడుకుతోందో ఆమెకి తెలుసు. అన్నీ తెలిసిన ఆ దారిలో నడుస్తుంటే ఊపిరాడనట్టయింది. తను రాసింది తమ్ముడి కథ అనుకుంది. రేవులో ఒక్క మాట పుట్టి రెండు వంటిళ్ళ మధ్య చక్కర్లు కొట్టి, నిజమై తన చేతికి వచ్చింది. పాత క్రిస్మస్ నాడు దాన్ని హాల్లో చదివితే ఇంక దానికి తిరుగుండదు. ఆ మనిషి బతికినంతకాలం ఆ బల్ల చివరే కూర్చోవాలి. చదవకపోతే గార్లాండ్‌కి ఏ కథా ఉండదు. ఆమెకి ఏడుపొచ్చింది, ఎవరి కోసమో తెలియలేదు.

*

క్రిస్మస్ మర్నాడు సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడింది. ట్రైఫీనా పిన్ని వంటింట్లో ఎనిమిది మంది ముసుగులు వేసుకుంటున్నారు. పిన్ని తన మొగుడి లోదుస్తులు కోటు మీద తొడుక్కుని, ముందూ వెనకా దిండ్లు కట్టించుకుంది. "ఇప్పుడెవరూ పోల్చలేరులే," అంది. వీధి చివర్నుంచి చూసినా ఆమెని పోలుస్తారు. మెల్వినా ఎల్లిస్ రబ్బరు ప్యాంటు వేసుకుని, పాత కిటికీ కర్టెన్ మొహం మీదుగా దించి మెడ దగ్గర దారంతో కట్టుకుంది. చేతులు కనబడకుండా ఊలు తొడుగులు వేసుకుంది. చేతుల్ని బట్టి చాలామందిని పట్టేస్తారు అక్కడ.

ముసుగులవాళ్ళు ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతారు, గొంతు తెలియకుండా. "ముసుగులవాళ్ళని రానిస్తారా?" అని ప్రతి తలుపు దగ్గరా ఆ పీల్పు గొంతుతో అడిగారు. ప్రతి వంటింట్లోనూ అకార్డియన్ వాయించి ఎగిరారు. ఇంటివాళ్ళు గిల్లి, తడిమి, వాళ్ళెవరో ఊహించి చెప్పారు. చెప్పగానే ముసుగెత్తాలి. ఎత్తితే రమ్మూ కేకూ.

పాస్టరుగారిల్లు, దుకాణం, రేవు పక్క ఇల్లు అయ్యాయి. ఆ తర్వాత దారి కొండ పక్కకి వంగుతుంది. ఆ వంపులో లియాండర్ ఇల్లు. వంటింట్లో దీపం వెలుగుతోంది. ముందు నడిచేవాడు అటు తలైనా తిప్పకుండా పక్క దారిలోకి మళ్ళాడు. వెనకవాళ్ళంతా మళ్ళారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ ఇంటికి వెళ్ళకూడదని ఏనాడూ ఎవరూ అనలేదు. కాళ్ళు అలా మళ్ళిపోతాయంతే. మెల్వినా కాళ్ళు కూడా ఏటా అలాగే మళ్ళాయి.

ఈసారి ఆమె ఆగింది. పాటలు, నవ్వులు కొండ మలుపు తిరిగి సన్నబడ్డాయి. గేటు తీసి లోపలికి నడిచింది. మెట్ల మీద మంచులో ఒకే ఒక్కరి బూటు గుర్తులున్నాయి.

తలుపు తట్టింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది గానీ తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ తట్టింది.

"ముసుగులవాళ్ళని," అంది ఊపిరి లోపలికి పీలుస్తూ, "రానిస్తారా?"

లియాండర్ తలుపు తీశాడు. ఇంకెవరైనా ఉన్నారేమోనని ఆమె వెనక దారిలోకి చూశాడు. తర్వాత పక్కకి జరిగాడు.

వంటిల్లు శుభ్రంగా ఉంది. బల్ల మీద సగం తిన్న చేప, టీ. రెండు కుర్చీలు, అందులో ఒకదాని మీద దుమ్ము. ఆమె గది మధ్యలో నిలబడింది. ఎగరాలి, అకార్డియన్ లేదు. అతను ఆమె చుట్టూ తిరిగి చూడాలి, గిల్లాలి, నువ్వు ఫలానా అనాలి. అతనికి అలవాటు తప్పింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"కేకు లేదు," అన్నాడు. "ఎవరూ రారని చెయ్యలేదు."

ఆమెకి, మాట్లాడితే పీల్పు గొంతైనా పట్టేస్తాడని భయం. ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడి ఉంది. అతను ఆమె కాళ్ళ వైపు చూస్తూ ఉన్నాడు. చూసి చూసి, బల్ల మీద చెయ్యి ఆనించుకున్నాడు.

"మెల్వినా," అన్నాడు.

ఆమె కిందికి చూసుకుంది. ఒంటికాలి మీద నిలబడి ఉంది. రెండో పాదం పిక్క మీద ఉంది.

పోల్చాక ముసుగెత్తాలి. దారం ముడి తొడుగులతో ఊడి రాలేదు. తొడుగులు తీసి, ముడి విప్పి, కర్టెన్ ఎత్తింది. చెమట పట్టిన మొహంతో, దుమ్ము కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చెప్పు అన్నా," అంది. పదేళ్ళ తర్వాత ఆ పిలుపు నోటికి వచ్చినందుకు ఆమెకే వింతగా ఉంది. "అయ్యేదాకా నేను నోరు మెదపను."

లియాండర్ చేప పళ్ళెం తీసి గట్టు మీద పెట్టాడు. బల్ల తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"కోశాను," అన్నాడు. "తాడు నేనే కోశాను."

మెల్వినా పళ్ళు బిగబట్టింది.

"లంగరు తాడు. రాతితిప్ప దగ్గర అల పెద్దగా ఉంది, పడవ కొట్టుకోకుండా దూరంగా లంగరు వేశాం. వాడు తిప్ప మీదికి దూకాడు, పడ్డ బాతుల్ని ఏరడానికి. అల వచ్చి తీసుకుపోయింది. లంగరు పైకి లాగితే వాడి దగ్గరికి వెళ్ళేసరికి ఆలస్యమవుతుందని కోసేశాను. తెడ్లు వేసుకుంటూ వెళ్ళాను. దొరికాడు. కోటు చెయ్యి దొరికింది." అతను కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు. వంకర వేళ్ళు రెండూ ముడుచుకుని ఉన్నాయి. "బూట్ల నిండా నీళ్ళు, పైకి లాగలేకపోయాను. నాతో మాట్లాడాడు కాసేపు. తర్వాత మాట్లాడలేదు. నేను వదల్లేదు. తెల్లారేదాకా పట్టుకునే ఉన్నాననుకున్నా. చూసుకుంటే చేతిలో ఏం లేదు, చెయ్యి మాత్రం మూసే ఉంది."

ఆమె ఆ చేతి వంకే చూసింది. ఇన్నాళ్ళూ ఊరంతా చూసిన చెయ్యే. ఒక కోటు చేతిని పట్టుకున్న చెయ్యి ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఎందుకు చెప్పలేదు, అని అరవాలనిపించింది. మాట ఇచ్చింది కాబట్టి అరవలేదు.

"పోలీసు అడిగాడు, చెప్పాను. మీ అమ్మ దగ్గరికి వచ్చాను, తలుపు తియ్యలేదు. తర్వాతెవరూ అడగలేదు," అన్నాడు అతను. "అడక్కుండా చెప్తే బొంకినట్టుంటుంది కదమ్మాయ్."

అప్పుడు బయట మంచులో అడుగుల చప్పుడు, గుసగుసలు. మెల్వినా కనబడక వెనక్కి వచ్చినట్టున్నారు. గేటు దగ్గర కాసేపు తచ్చాడారు. చివరికి తలుపు మీద దెబ్బ పడింది. "ముసుగులవాళ్ళని రానిస్తారా?" అంది ఒక పీల్పు గొంతు. ఎంత పీల్చినా అది ట్రైఫీనా పిన్ని గొంతే.

మెల్వినా లియాండర్ వైపు చూసింది. అతను తలుపు వైపు చూశాడు, ఖాళీ బల్ల వైపు చూశాడు. తర్వాత లోపలి గదిలోకి వెళ్ళి పొడుగాటి బెంచీ ఒకటి మోసుకొచ్చి గోడ పక్కన వేశాడు. కెటిల్‌లో నీళ్ళు నింపి పొయ్యి మీద పెట్టాడు.

ఆమె తలుపు తీసింది. ఏడుగురు ముసుగులవాళ్ళు మంచు దులుపుకోవడం కూడా మర్చిపోయి గడప అవతల నిలబడ్డారు. ముసుగు లేని ఆమె మొహం చూసి పిన్ని నోరు తెరిచింది.

"లోపలికి రా పిన్నీ," అంది మెల్వినా. "అందరూ రండి. ముసుగులు తీసి కూర్చోండి. అన్న చెప్తాడు. అయ్యేదాకా ఎవరూ నోరు మెదపకూడదు."